ఈ పొద్దుకు తాగొచ్చు

కర్నూల్లో నీళ్ళ పరీక్షశాల వరండాలో పోయిన వారం ఆయనకు సంతాపసభ జరిగింది. బల్ల మీద ఆయన ఫొటో గోడకు ఆనించి దండ వేశారు. మాట్లాడినవాళ్ళందరూ ఏదో ఒక చోట ఒకే మాటకు వచ్చారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన నోట ఒక్క తప్పు ఫలితం రాలేదు అన్నారు. నేను ఆడవాళ్ళ వైపు ఆయన భార్య పక్కన కూర్చుని ఉన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నా కుడికాలు కుచ్చెళ్ళ కిందికి లాక్కున్నాను.

ఒకటి వచ్చింది. ఆ ఒక్కటీ నాకు తెలుసు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊరి పేరు కూడా రాయను. ఆలూరు వైపు పల్లె అంటే చాలు. మా ఆయన పత్రికలో వేరుశనగ ధర తప్ప మరేమీ చదవరు కాబట్టి ఈ మాత్రమైనా రాయగలుగుతున్నాను.

ఆయన బద్వేలు వైపు మనిషి. ఒక భుజం కిందికి దిగి ఉండేది. ఆ భుజాన చెక్కపెట్టె మోసీ మోసీ అలా అయింది. పెట్టెలో గడ్డి, గడ్డిలో ఊరూరి నీళ్ళు పట్టుకునే గాజు మూతల సీసాలు. మా ఊళ్ళో ఆయన్ని సీసాల సారు అనేవాళ్ళు. బస్సు మీదికి పెట్టె వెయ్యనిచ్చేవాడు కాదు, ఎంత దూరమైనా ఒళ్ళోనే పెట్టుకునేవాడు. మద్యనిషేధం రోజులు. కండక్టరుకు అనుమానం.

"ఏం సార్, ఏముండాది ఇందులో? సారాయా?"

"వాసన చూడప్పా."

మూత తీసి వాసన చూసి కండక్టరు, "ఏం వాసనా రాలేదే!" అన్నాడట.

"అందుకే ఇంత జాగర్త."

ఆయన దగ్గర ఉన్న హాస్యమంతా ఈ ఒక్క కథే. మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. చెప్పి, ఎదుటివాళ్ళు నవ్వాక తను నవ్వేవాడు.

గ్లాసుతో నీళ్ళిస్తే ముందు వెలుతురు వైపు ఎత్తి చూసేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. ఆ తర్వాతే తాగడం. పెళ్ళిలో ఒకసారి ఆడపెళ్ళివారి ముందే అలా చేస్తే, "మా నీళ్ళల్లో ఏముందని ఆ చూపు?" అని వాళ్ళు అలిగి కూర్చున్నారని ఆయన భార్య చెప్పింది. బయట నిలబెట్టి మాట్లాడించినా, ఇంట్లో కూర్చోబెట్టి అడిగినా, నీళ్ళు బాగున్నాయి అని మాత్రం ఆయన నోట వచ్చేది కాదు.

"ఈ పొద్దుకు తాగొచ్చు" అనేవాడు.

"రేపటికో సార్?"

"రేపటివి రేపటి నీళ్ళు కదమ్మా. వాటిని నేనింకా చూడలేదే."

ఇంకో నియమం ఉండేది. పరీక్షకని సీసాలో పట్టిన నీళ్ళు ఎంత దాహమైనా తాగేవాడు కాదు, ఇంకొకరిని తాగనిచ్చేవాడు కాదు. ఎండాకాలం మా గడపలో కూర్చుని మంచినీళ్ళడిగాడు ఒకసారి. పక్కనే పెట్టెనిండా నీళ్ళున్నాయి కదా సార్ అని నేను నవ్వితే, "అవి సాక్షులమ్మా. సాక్షిని మింగేస్తే ఇంక చెప్పేదెవరు?" అన్నాడు.

మా ఊళ్ళో మెట్ల బావి ఉండేది. దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కడవ ముంచుకుని ఎక్కి రావాలి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి కాలికి నారి పురుగు ఉండేది. బొబ్బ లేచి, పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త లాగాలి. తెగితే కాలు చీము పడుతుంది. సేద్యం పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే సగం ఊరు మంచాన ఉండేది. అందుకని ఆయన్ని పంపించారు.

మొదటిసారి వచ్చినప్పుడు మెట్ల బావి నీళ్ళు సీసాలో పట్టి, ఆడవాళ్ళందరికీ ఎండలో ఎత్తి చూపించాడు. సూదిమొనంత తెల్ల చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. "పురుగు పిల్ల ఈ చుక్కల్లో ఉంటుంది. కాలు పగిలినవాళ్ళు నీళ్ళలో దిగితే అక్కడ వదులుతుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మళ్ళా ఏడాదికి లేస్తుంది. మెట్లు మూసేసి గిలక వెయ్యండి, పోతుంది" అన్నాడు. మెట్లు మూసేదేంది, తాతల నాటి మెట్లు అన్నారు మగవాళ్ళు.

ఊరికి తూర్పున వంక దాటితే గేరి. అంటరానివాళ్ళంటూ ఊరు దూరం పెట్టినవాళ్ళ ఇళ్ళు అక్కడ. వాళ్ళకు మెట్ల బావి నీళ్ళు లేవు. వంక ఒడ్డున వాళ్ళే తవ్వుకున్న సన్నటి చేదబావి ఉంది. ఆయన అందులోనూ ఒక సీసా పట్టుకొచ్చి మా గడపలో కూర్చున్నాడు. పెట్టెలోంచి చిన్న గాజు గొట్టం తీసి, ఆ నీళ్ళు పోసి, ఊదారంగు మందు చుక్కలు వేశాడు. నీళ్ళు గులాబి రంగుకు తిరిగాయి. నేను తలుపు పక్క నుంచి చూస్తుంటే, "మురికి ఉంటే ఈ రంగును తినేస్తుందమ్మా. శుభ్రంగా ఉంటే రంగు నిలుస్తుంది" అని చెప్పాడు. మెట్ల బావి నీళ్ళ గొట్టంలో రంగు అప్పటికే గోధుమ పడి చచ్చిపోయింది. గేరి నీళ్ళలో అలాగే నిలిచి ఉంది.

మా కొట్టంలో పేడ ఎత్తే అవ్వ గేరి మనిషి. గంప కింద పెట్టి దూరంగా నిలబడి అదంతా చూసింది.

"సామీ, అవి మా నీళ్ళేనా?"

"అవునవ్వా. మీవే. శానా మంచి నీళ్ళు." ఆ సంతోషంలో ఆ ఒక్కసారీ ఈ పొద్దుకు అనడం మరిచిపోయాడు.

అవ్వ మొహంలో సంతోషం రాలేదు. "ఆ మాట ఊర్లో సెప్పొద్దు సామీ" అంది.

"అదేందవ్వా? మంచివాటిని మంచివంటే తప్పేముంది?"

"మంచివైతే మాకాడ ఉండనిస్తారా?"

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చదువుకున్నవాళ్ళు భయపడినవాళ్ళకు ధైర్యం చెప్పేటప్పుడు నవ్వే నవ్వు. "ఉన్నది ఉన్నట్లు చెప్పేదే నా పనవ్వా. మీ బావి చూసి వీళ్ళు సిగ్గు తెచ్చుకుని తమ బావి బాగుచేసుకుంటారులే" అన్నాడు.

మా ఇంటి ఎదురుగానే చావడి. ఆయన అక్కడ నిలబడి, గేరివాళ్ళ బావి చూసి నేర్చుకోండి అని చెప్పడం గడపలోకి వినిపించింది. తర్వాత ఒక ముసలాయన, "అంటే ఇన్నేండ్లూ మనకు చెప్పకుండా వీళ్ళు తియ్యని నీళ్ళు తాగినారా!" అన్నాడు. చావడి అంతా నవ్వింది. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వే ఉంటాడు. తన మాట తలకెక్కిందనే అనుకుని ఉంటాడు.

ఆయన బస్సెక్కిన వారానికి గేరి బావి ఖాళీ చేసి, సున్నం కొట్టి, పూజ చేయించి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఆ భూమి పట్టా మా మామ పేరున ఉంది. మా మామ చెడ్డమనిషి కాదు. కరువులో గింజలు పంచినవాడు. "వాళ్ళకు వంక ఉండాది కద, చెలమ తీసుకుంటారు" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చినవి గేరి బావి నీళ్ళే. నేనూ తాగాను. తియ్యగా ఉండేవి. అవ్వ రోజూ వచ్చి పేడ ఎత్తి పోయేది, బావి మాట ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు.

ఎండాకాలం ముదిరాక నీళ్ళు మళ్ళీ చూసుకోవడానికని ఆయన వచ్చాడు. గ్లాసు ఇచ్చాను. వెలుతురుకు ఎత్తాడు. వాసన చూశాడు. కళ్ళు తెరిచి, "మెట్లు మూసినారా? చెప్పనే లేదే!" అన్నాడు.

"లేదు సార్. గేరి బావివి."

"గేరివాళ్ళతోపాటే తోడుకుంటాండారా?"

"వాళ్ళు ఆ బావి కాడికి రాకూడదు సార్ ఇప్పుడు."

గ్లాసు కింద పెట్టాడు. లేచి ఎండలో వంక వైపు పోయాడు. ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకుంటున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి వచ్చాడని తర్వాత తెలిసింది. తిరిగి వచ్చి, వడ్డించిన అన్నం ముందు కూర్చోలేదు. మా మామతో ఏదో అన్నాడు. మా మామ గొంతు మాత్రం నాకు వినపడింది, "సారూ, నువ్వు నీళ్ళు చూడప్పా. మనుషుల సంగతి మేము చూసుకుంటాం."

కర్నూలు పోయి పైఅధికారికి చెప్పుకున్నాడట. అప్పుడు అదే రాజధాని, గుడారాల్లో ఆఫీసులు. ఆ అధికారి, "నీ శాఖ నీళ్ళు, ఇది నీళ్ళ సంగతి కాదు" అన్నాడట. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆ వేసవంతా ఇంట్లో పలకలేదని కూడా చెప్పింది.

చలికాలంలో మళ్ళీ వచ్చాడు. గేరి బావి నీళ్ళు సీసాలో పట్టుకుని పొద్దున్నే మా గడపలో కూర్చున్నాడు. మగవాళ్ళు చావడిలో ఉన్నారు. గొట్టంలో నీళ్ళు పోసి మందు వేశాడు. గులాబి రంగు. గొట్టాన్ని గోడ పక్కన నిలబెట్టి దాని ముందే కూర్చున్నాడు. గోడ మీద ఎండ కిందికి దిగింది. రంగు పోలేదు. నేను రాగులు విసురుతూ తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆయన ఎంతసేపు చూస్తాడో, ఎందుకంతసేపు చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆఖరుకు గొట్టంలోది గోడ వారన పారబోశాడు. సీసా చేతిలోకి తీసుకున్నాడు. అందులో సగం పైన నీళ్ళున్నాయి. అటూ ఇటూ చూసి, చావడికి వీపు తిప్పి, సీసా ఎత్తుకుని ఆగకుండా తాగేశాడు. ధోవతి కొంగుతో మూతి తుడుచుకుని, ఖాళీ సీసాను గడ్డిలో పెట్టి, చావడికి నడిచాడు.

నా చేతిలో తిరగలి ఆగింది. ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది.

"గేరి బావి చెడింది. తాగొద్దు."

"అదేంది సారూ, మొన్నటి దాకా బాగుండె కద?"

"కింద ఊటే చెడింది. మందు వేసినా లాభం లేదు. ఇంక ఎప్పటికీ తాగొద్దు."

ఈ పొద్దుకు అనలేదు. ఎప్పటికీ అన్నాడు.

"వాళ్ళు దిగి చెడగొట్టింటారు" అన్నాడొకడు. ఆయన మాట మార్చి, మెట్ల బావి మెట్లు మూసి గిలక వేసుకోమనీ, అంతదాకా మడత గుడ్డలో వడగట్టి తాగమనీ మరీ మరీ చెప్పాడు. ఎవరికీ అనుమానం రాలేదు. సీసాల సారు చెప్పినాడంటే అంతే అన్నాడు మా మామ. మూడోనాటికి మా ఇంటికి మెట్ల బావి నీళ్ళు రావడం మొదలైంది. గేరివాళ్ళు ముళ్ళకంచె తీసి పొయ్యిలోకి మోసుకుపోతుంటే కూడా ఎవరూ అడ్డం చెప్పలేదు. చెడ్డ బావికి కంచె ఎందుకు?

నేను అవ్వను పెరట్లో అడిగాను. "చెడ్డ నీళ్ళంట కద అవ్వా. ఎట్లా తాగుతాండారు?"

"ఏం జేస్తామమ్మా. చెడ్డవి మాకే కద" అంది. గంప నెత్తికెత్తుకుని మళ్ళీ నా వైపు చూసి, "సారుకు సీసాలు గావాల. మాకు నోరుండాది" అంది. మొహం తిప్పుకుని నవ్వుకుంటూ పోయింది.

మెట్లు మూయడానికి మా వాళ్ళకు మరో రెండేళ్ళు పట్టింది. ఆ లోపల నా కాలికి లేచింది.

మళ్ళీ పరీక్షకు వచ్చిన రోజు, నేను గడపలో కాలు చాపుకుని, పురుగును అగ్గిపుల్లకు చుట్టి కూర్చుని ఉన్నాను. ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు. పెట్టె దించలేదు.

"వడగట్టి తాగమంటి కదమ్మా."

"ఇంట్లో వడగట్టే తాగినాను సార్. బావి కాడ ఎప్పుడో దోసిట్లో తాగినట్లుండాది."

ఆయన పుల్ల వైపు చూశాడు. ఎప్పుడూ వెలుతురుకు ఎత్తి, కళ్ళు చిట్లించి చూసే మనిషి, అది మాత్రం ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నాకు ఆయన్ని అలా చూడటం కష్టమైంది. అందుకే చెప్పానేమో.

"సార్, ఆ పొద్దు సీసాలో నీళ్ళు మీరు తాగేది నేను చూసినా."

పెట్టె దించి దాని మీదే కూర్చున్నాడు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళా కంచె లేస్తాది కద సార్."

నేల చూస్తూ అన్నాడు. "మొదట నిజం చెప్పి వాళ్ళ నోరు కొట్టినా. తర్వాత అబద్ధం చెప్పి నీ కాలు..." ఆపేశాడు. లేచి, నాకు, ఇరవై రెండేళ్ళ కోడలికి, రెండు చేతులూ జోడించాడు. నేను వద్దు సార్ అనబోయాను. కాలు పుల్లకు కట్టుబడి ఉంది, లేవలేకపోయాను.

ఆ నమస్కారం నాకు చెందదని అప్పుడే తెలుసు. ఆ బావి వాళ్ళదని మా ఇంట్లో ఎవరమూ అనలేకపోయాం. నేనూ అనలేదు. చెడిపోయింది అని ఎవరైనా చెబితే తప్ప వాళ్ళది వాళ్ళకు వదలలేని ఇల్లు మాది. ఆ మాట చెప్పడానికి పరాయి ఊరి మనిషి ఒకడు తన ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక్క మంచిని తీసిచ్చాడు. సిగ్గు కూడా ఆయనే పడ్డాడు. మా మామ హాయిగా నిద్రపోయేవాడు.

తర్వాత మేము కర్నూలు వచ్చేశాం. రాజధాని హైదరాబాదుకు పోయినా ఆయన ఇక్కడి పరీక్షశాలలోనే ఉండిపోయాడు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు ఉండేవి. గ్లాసు ఇస్తే, "తుంగభద్రవే కదమ్మా?" అని ప్రతిసారీ అడిగి తాగేవాడు. కర్నూల్లో మరేం నీళ్ళుంటాయి? అయినా అడిగేవాడు, నేనూ అవును సార్ అనేదాన్ని. నా కాళ్ళ వైపు ఎప్పుడూ చూసేవాడు కాదు. ఎవరైనా, సార్ చెప్పిందంటే తిరుగు లేదు అని పొగిడితే లేచి పెరట్లోకి పోయి చేతులు కడుక్కునేవాడు. శుభ్రం పిచ్చి అని ఆయన భార్య నవ్వేది.

సభలో నన్ను కూడా మాట్లాడమన్నారు. ఈ అమ్మ వాళ్ళ ఊళ్ళో కూడా సారు పని చేసినారు, రెండు మాటలు చెప్తారు అన్నారు. లేచాను. మగవాళ్ళ వైపు మా ఆయన కూర్చుని ఉన్నారు. "ఆయన నీళ్ళు తాగుతుంటే ఒకసారి చూశాను" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. కూర్చున్నాను. దుఃఖంలో ఉందిలే అనుకున్నారు అందరూ.

తిరిగి వచ్చేటప్పుడు జట్కాలో మా ఆయన నవ్వారు. "ఏందే అది? నీళ్ళు తాగేది అందరమూ చూసినాం కద."

కొంత దూరం పోయాక ఆయనే అన్నారు, "నాయిన మొన్న అంటాండె. మెట్ల బాయి నీళ్ళు చౌడెక్కినాయంట, నోట్లో పెట్టుకునే పనే లేదంట. ఆ గేరి బాయి ఇప్పటికి బాగుపడింటాదేమో. సారు స్థానంలో ఎవరో పిల్లోడు వచ్చినాడు కద. ఒకసారి తీసకపోయి పరీక్ష చేయించేదా?"

గుర్రం ఎత్తు ఎక్కుతోంది. బండివాడు దిగి పక్కన నడుస్తున్నాడు.

"ఎందుకు? సారు ఎప్పటికీ తాగొద్దన్నాడు కద" అన్నాను.

"అప్పటి మాట అది."

"ఇప్పుడే వింటిరి కద అందరూ చెప్పింది. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదంట ఆయన."

మా ఆయన కాసేపు ఆలోచించారు. "అదీ నిజమేలే" అన్నారు.

జట్కా ఎత్తు దిగింది. బండివాడు ఎక్కి కూర్చున్నాడు. నేను కాలు చీర కిందికి లాక్కున్నాను.